అరచెయ్యంత రేకు

మొదటి రాత్రి మమ్మల్ని తడిపింది వాన కాదు,
మా ఊపిరే.
తెల్లారేసరికి పైకప్పు రేకు నిండా చెమట బొట్లు.
ఎవరి మీద పడదామా అని వేలాడి వేలాడి
అన్నీ నెరిస్ నుదుటినే ఎంచుకున్నాయి.
"గొడుగేసుకుని పడుకునే బండి
వేల్స్ మొత్తానికి నీ ఒక్కడికే ఉంది, ఎమ్రిస్" అంది.

ముప్పై నాలుగేళ్ళ ల్యాండ్‌రోవర్.
దాని వెనక ఇన్నాళ్ళూ ఎక్కినవి
గొర్రెలు, కంచె గుంజలు,
ఒకసారి గ్విలిమ్ వాళ్ళ పియానో, సగం.
మనుషులు పడుకోవడం దానికి కొత్త.

అక్టోబరంతా షెడ్డులోనే.
రబ్బరు చాప ఎత్తితే కింద ఏనాటిదో గడ్డి,
రెండు పెన్నీలు,
ఒక గొర్రెపిల్ల చెవి బిళ్ళ.
నాలుగు వందల పదిహేడు.
సీసాపాలు తాగి మా వంటింట్లో పెరిగిన కుంటిది.
ఎందుకో బిళ్ళని జేబులో వేసుకున్నాను.

కమ్ముల తుప్పు గీకాను.
వాటి సందుల్లోకి చెయ్యి పోనిస్తే
పోయిన చలికాలం ఇంకా అక్కడే దాక్కున్నట్టుంది.

దుకాణంలో కుర్రాడు
వెండికాగితం అంటించిన నురుగు చుట్టలు చూపించాడు.
ధర విని, వాతావరణం గురించి నాలుగు మాటలాడి,
బయటికొచ్చేశాను.
మా కొట్టంలో మూడేళ్ళ ఉన్ని
బస్తాల్లో మగ్గుతోంది,
అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాని ఉన్ని.

స్నానాల తొట్టిలో నాలుగు నీళ్ళు మార్చి ఉతికింది నెరిస్.
తొట్టి అడుగున జానెడు కొండ.
దువ్వి, ఆరబెట్టి, కమ్ముల మధ్య కూరుతుంటే
నా చెయ్యి పట్టుకుని ఆపింది.
"అంత కుక్కకు.
వెచ్చదనం ఉన్నిలో ఉండదు,
ఉన్ని మధ్య గాలిలో ఉంటుంది."
ముప్పై ఏళ్ళు కట్లు కట్టిన నర్సమ్మ,
ఎంత బిగించాలో ఆ వేళ్ళకి తెలుసు.

మధ్యాహ్నం అందులోనే కూచుని రొట్టె తిన్నాం.
గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఏమిటో
ఆ వారమంతా నా నాలుక్కి తెలిసింది.

తర్వాత అట్టపెట్టెలు కోసి అచ్చులు తీశాను.
ఈ బండిలో తిన్నని గీత ఒక్కటీ లేదు,
కుడి పక్కకి సరిపోయిన చెక్క
ఎడమ పక్కని చూసి మొహం తిప్పుకుంటుంది.
పల్చని ప్లైవుడ్డుకి వేడినీళ్ళ గుడ్డ చుట్టి
వంగే దాకా బతిమాలాను.
దాని మీద సాగే తివాసీ, బూడిద రంగుది.
జిగురు వాసనకి రెండు రోజులు తల దిమ్ము.

నవంబరు రెండో శనివారం
కొండ మీది సరస్సు ఒడ్డున ఆపాం.
బయట ఎముకలు కొరికే చలి,
లోపల నేను చొక్కా చేతులు మడిచి, టీ కాస్తూ.
కప్పు తడిమి చూశాను, పొడి.
నా పనికి నాకే ముద్దొచ్చి
గోడని రెండుసార్లు తట్టాను,
మంచి గుర్రాన్ని తట్టినట్టు.

అర్ధరాత్రి మెలకువొస్తే పక్కన నెరిస్ లేదు.
వెనక తలుపు తెరిచి, మెట్టు మీద,
దుప్పటి భుజాన, పాదాలు వానలో.

"వాన పడుతోంది."
"నవంబరు కదా."
"లోపలున్నంతసేపూ తెలీలేదు, ఎమ్రిస్.
పుట్టిన దగ్గర్నుంచీ పలకరాతి కప్పు కింద
దాన్ని వింటూనే నిద్రపోయాను.
ఇవాళ వినపడక మెలకువొచ్చింది."

ఆరు వారాల పని గురించి ఏదో అనబోయాను.
తడిసిన ఆ పాదాలు చూసి
తువ్వాలు వెతికాను.

సోమవారం పొద్దున్నే, తల పెట్టుకునే వైపు,
తివాసీ కోశాను. చెక్క కోశాను.
ఉన్ని పిడికెడు లాగేశాను.
అరచెయ్యంత రేకు,
పాత ఆకుపచ్చ రంగు, ఒక గీత.
చుట్టూ రాగి బద్ద బిగించాను,
పటం కట్టినట్టు.

వద్దనుకున్న రాత్రి మూసుకోడానికి
ఆ ఉన్నితోనే ఒక బిరడా కుట్టింది నెరిస్.
లాగడానికి పట్టు కావాలిగా,
ఉతకబోతున్న నా ప్యాంటు జేబులో దొరికిందట,
చెవి బిళ్ళ.

ఇప్పటి దాకా ఆ బిరడా పెట్టలేదు.
లోపలి ఊపిరికి వేరే దారి లేదు,
రాత్రంతా ఆ రేకు మీదికే చేరుతుంది.
తెల్లారుజామున ఒక్క బొట్టు.
ఆ వైపు పడుకునేది
ఇప్పుడు నేను.